మాస్టోమిస్ ఎలుకలు: ముందు పెట్టె, తర్వాతే జంట

మేతగా వేసిన తెల్ల ఎలుకను (ర్యాట్‌ను) చూసి మొహం తిప్పుకునే బాల్ పైథాన్ పాము కూడా మాస్టోమిస్ ఎలుక వాసన తగిలితే నాలుక ఆడిస్తూ ముందుకొస్తుంది. వింతేం లేదు. ఆ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. ఈ ఎలుక కూడా సహారాకు దిగువన పొలాల్లో, ఇళ్లల్లో తిరిగేదే. పాములు పెంచేవాళ్లు దీన్ని ఆఫ్రికన్ సాఫ్ట్ ఫర్ అంటారు. చిట్టెలుక కంటే పెద్దది, తెల్ల ర్యాట్ కంటే బాగా చిన్నది. ఎదిగిన మగది 60–80 గ్రాములు, ఆడది 45–60 గ్రాములు తూగుతుంది. గది వేడి 30 డిగ్రీలు దాటి నిలిచిపోతే తెల్ల ర్యాట్లలో మగవి గొడ్డుపోతాయి, కాన్పులు పడిపోతాయి. నెల్లూరు, ఒంగోలు వేసవిలో ఏసీ లేని గదిలో వాటిని సాకడం కష్టం. మాస్టోమిస్ ఆ వేడిని ఇంకాస్త ఓర్చుకుంటుంది, చిట్టెలుకలంత కంపూ కొట్టదు.

భయం కూడా సరిగ్గా అక్కడే. మన వేడికి తట్టుకుంటుంది, కాన్పుకు పది పన్నెండు పిల్లల్ని పెడుతుంది, ఆడదానికి పన్నెండు జతల దాకా చన్నులుంటాయి. తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్న రైతుకు ఇదే పెద్ద శత్రువు. అలాంటిది నెల్లూరు వరి మాగాణిలోకి జారిందంటే మళ్లీ పట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు పెట్టె సంగతి తేల్చుకోవాలి.

ఇంకో రెండు సంగతులు చెప్పి అక్కడికే వస్తాను. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ బయటి దేశానిదే అయినా, 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించాక కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాల్సిందే. రెండోది జబ్బు. 1969లో నైజీరియాలోని లస్సా ఊళ్లో బయటపడ్డ లస్సా జ్వరానికి వైరస్‌ను మోసేది ఈ జాతి ఎలుకే. తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెరిగిన వాటి సంగతి వేరు, అడవి నుంచి పట్టి తెచ్చినవాటి సంగతి వేరు. ఎన్ని తరాలుగా పెట్టెలో పుడుతున్నాయో చెప్పలేనివాళ్ల దగ్గర, అనుమతి కాగితాలు లేకుండా తెచ్చినవాళ్ల దగ్గర కొనకండి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో బోదకాలు పురుగు మీద పరిశోధనకు మాస్టోమిస్‌ను వాడతారు. అలాంటి ల్యాబు ఎలుక ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకూడదు.

ఇక పెట్టె. ప్లాస్టిక్ టబ్బు మాట మర్చిపోండి. చిట్టెలుకలు ఏడాది ఉండే టబ్బుకు ఇవి కొద్ది రాత్రుల్లో చిల్లు పెడతాయి. నున్నటి గోడ జోలికి పోవు, పన్ను ఆనే అంచు దొరికిందంటే వదలవు. గాలి కోసం వేసిన రంధ్రం, టబ్బు మూల, నీళ్ల నిపుల్ (బాటిల్ గొట్టం మొన) కోసం తొలిచిన చోటు, అన్నీ వాటికి మొదలుపెట్టే జాగాలే. ట్రంకు పెట్టెలు చేసే షాపులో జింకు పూత ఉన్న 24 గేజీ జీఐ రేకుతో చేయించండి. ఒక మగది, మూడు ఆడవాటికి నేల 60 సెంటీమీటర్లకు 40, ఎత్తు 30 చాలు. రేకు అంచులు లోపలికి మడవమనండి, లేకపోతే మీ చేతులే తెగుతాయి. మూతకు పావు అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ వేయాలి. అర అంగుళం కన్ను పెద్దవాటిని ఆపుతుంది కానీ మూడు వారాల పిల్ల అందులోంచి దూరిపోతుంది. మూతకు రెండు వైపులా గొళ్లెం ఉండాలి. ఇటుక బరువు పెట్టి సరిపెట్టుకునే పని కాదు. గది తలుపు కింద సందుకు రేకు పట్టీ, తూముకు స్టీలు జాలీ. పెట్టె తెరిచేటప్పుడు తలుపు మూసుండాలి. ఇవి బాగా ఎగురుతాయి కాబట్టి, ఎలుకల్ని మార్చే పనేదైనా నున్నటి, లోతైన ఖాళీ డ్రమ్ములో పెట్టుకుంటే మేలు.

రేకు పెట్టెకు ఒక లోపం ఉంది, వేడెక్కుతుంది. సిమెంటు రేకుల కప్పు కింద, పడమటి గోడకు ఆనించి పెడితే రోహిణి కార్తెలో అది పొయ్యే. పెట్టె నేల మీదే ఉంచి, ఫ్యాను గాలి గదిలో తిరిగేలా చూడండి. 24 నుంచి 30 డిగ్రీలు వీటికి హాయి. 35 దాటితే ఇవి కూడా చాచుకుని పడుకుంటాయి, కాన్పులు దూరమవుతాయి.

నీళ్ల దగ్గరే ఎక్కువ పిల్లలు పోతాయి. బాటిల్ బయట, స్టీలు గొట్టం మాత్రమే లోపల ఉండాలి. నిపుల్ కారితే గూడు తడిసి పిల్లలు చల్లబడి చస్తాయి. మూసుకుపోతే ఇంకా ఘోరం. ఒక్క రాత్రి నీళ్లు అందకపోయినా తల్లి పిల్లల్ని తినేయొచ్చు. కనిగిరి వైపు బోరు నీళ్లలాంటి గట్టి నీళ్లకు నిపుల్ గుండు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. రోజూ వేలితో నొక్కి చూడండి, వారానికోసారి వెనిగర్‌లో నానబెట్టండి. మేలో మేడమీది ట్యాంకు నీళ్లు నేరుగా పోయొద్దు.

మేతకు ల్యాబు పెల్లెట్ (ల్యాబుల్లో ఎలుకలకు పెట్టే గుళికల మేత) దొరికితే అంతకు మించింది లేదు. దొరక్కపోతే 20–22 శాతం ప్రొటీన్ ఉన్న మామూలు కుక్కల పెల్లెట్ రెండు పాళ్లు, జొన్నలు, సజ్జలు కలిపి ఒక పాలు. నాలుగు పెద్దవాటికి రోజుకు 30 గ్రాములు పడుతుంది. పాలిచ్చే రోజుల్లో రెట్టింపు పెట్టాలి, అప్పుడు కొలతలు చూసుకోవద్దు. లేయర్ కోళ్ల మేతలో గుడ్డు పెంకు కోసం వేసే సున్నం ఎక్కువ, కిడ్నీలకు చేటు. చెరువుల దగ్గర చవగ్గా వచ్చే రొయ్యల మేత కూడా వద్దు. 35 శాతం పైన ప్రొటీన్ వీటికి అనవసరం. వేరుశెనగ చెక్క మన దగ్గర సులువుగా దొరుకుతుంది కానీ బూజు పడితే అందులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆ బూజు కంటికి కనిపించేలోపే పని జరిగిపోయి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్ల కాలంలో, ఏ మేతైనా పదిహేను రోజులకు మించి నిల్వ చేయకండి. కింద పరచడానికి సరుగుడు లేదా సుబాబుల్ చెక్క తురుము బాగుంటుంది. రంపపు పొట్టు మరీ సన్నం, ముక్కుల్లోకి పోతుంది. వారానికోసారి మార్చేటప్పుడు పాత తురుము గుప్పెడు కొత్తదానిలో కలపండి. వాసన మొత్తం మారిపోతే గుంపులో గొడవలు లేస్తాయి.

గుంపు కట్టడంలో ఒకటే సూత్రం: నాలుగైదు వారాల వయసులోనే ఒక మగది, మూడు ఆడవి ఒకేసారి వేసేయాలి. తర్వాత కొత్తది ఏదీ చేర్చకూడదు. ఎదిగిన గుంపులోకి కొత్త ఆడదాన్ని దింపితే తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. మగది పోతే ఆ గుంపు పని అయిపోయినట్టే, పిల్లల్లోంచి మరో గుంపు కట్టుకోండి. మూడు, మూడున్నర నెలలకు తొలి కాన్పు వస్తుంది. మోసేది 23 రోజులు. ఈనగానే మళ్లీ కడతాయి. తల్లులు ఒకే గూట్లో కలిపి పాలిస్తాయి, మగది కూడా పిల్లల మీదే పడుకుంటుంది, దాన్ని విడదీయొద్దు. తొలి కాన్పు పిల్లల్ని తినడం మామూలే. మూడోసారి కూడా తింటే మేతలో ప్రొటీన్ చూడండి, నీళ్లు చూడండి, పెట్టె మాటిమాటికీ తెరుస్తున్నారేమో చూడండి. మూడు, నాలుగు వారాలకు పిల్లల్ని విడదీసి మగ, ఆడ వేరు చేయాలి. ఏడాది తిరిగేసరికి కాన్పు చిన్నదవుతుంది, అప్పటికి కొత్త గుంపు సిద్ధంగా ఉండాలి.

లెక్క చూస్తే ఒక గుంపు నెలకు ఇరవై పైచిలుకు పిల్లల్నిస్తుంది. ఎదిగిన బాల్ పైథాన్‌కు పది, పదిహేను రోజులకొకటి చాలు. ఒక్క పాముకు ఈ తతంగం దండగే. పైగా ఇవి ర్యాట్ల కంటే నిదానంగా పెరుగుతాయి. దీని రుచి మరిగిన పాము మళ్లీ తెల్ల ఎలుకను ముట్టకపోవచ్చు కూడా. ర్యాట్ బాగా తినే పాముకు దీన్ని అలవాటు చేయకండి. ఇంత తంటా ఎందుకు, కోతలప్పుడు యానాదులు కలుగులకు పొగబెట్టి పట్టే ఎలుకల్నే వేద్దామంటారు కొందరు. ఆ పొలంలో జింక్ ఫాస్ఫైడో బ్రోమడయోలోనో లాంటి ఎలుకల మందు పెట్టి ఉంటే ఎలుకతో పాటు పామూ పోవచ్చు. పురుగులు, ఎలుక జ్వరం అదనం.

చేత్తో పట్టుకోవద్దు, చెప్పా పెట్టకుండా కరుస్తాయి. తోక పట్టి లేపితే తోలు ఊడొస్తుంది. స్టీలు చెంబులోకి తోలి మూయడం నేర్చుకోండి.

బతికినదాన్ని పాముకు వేయడం క్రూరం, పాముకూ ప్రమాదమే. మాస్టోమిస్ ఎదురు తిరిగి పామును గాయపరుస్తుంది. ముందే చంపి వేయాలి. అందుకు ఎలుకల్ని డబ్బాలో ఉంచి, సిలిండర్ కార్బన్ డయాక్సైడ్‌ను ఫ్లోమీటర్‌తో (గ్యాసు ఎంత వస్తోందో కొలిచేది) నిదానంగా వదలాలి. నిమిషానికి డబ్బా పరిమాణంలో 30–70 శాతం, అంటే 20 లీటర్ల డబ్బాకు 6 నుంచి 14 లీటర్లు. వెనిగర్, వంటసోడాతో వచ్చే గ్యాసుకు కొలత ఉండదు, అది హింసే అవుతుంది. పది రోజుల లోపు పిల్లలు ఈ గ్యాసుకు చాలాసేపు తట్టుకుంటాయి, వాటిని పెరగనివ్వడమే మంచిది. ఊపిరి ఆగాక ఇంకొన్ని నిమిషాలు ఉంచి, చచ్చిందని రూఢి చేసుకుని, పూర్తిగా చల్లారాక ఒక్కోటి విడిగా కవర్లో చుట్టి మైనస్ 18లో పెట్టండి. వెచ్చగా ఉన్నప్పుడే కుప్పగా వేస్తే మధ్యలోవి గడ్డకట్టేలోపే పొట్ట ఉబ్బుతాయి. ఆర్నెల్ల లోపు వాడేయాలి. రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, పెట్టే ముందు కవరుతోనే వేడినీళ్లలో ముంచి, తల దగ్గర 38–40 డిగ్రీలు వచ్చాక పట్టకారుతో అందించండి. తుపానుకు కరెంటు పోయి కరిగినవాటిని మళ్లీ గడ్డ కట్టించకండి, పారేయండి.