అప్పన్న కొండ చుట్టూ, ఆయన నడిచిన తోవలో

సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు. కొండ దిగువన తొలిపావంచా, అంటే తొలి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు కాలినడకన తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. మా ఆయన ఏటా నడిచేవారు. నేను ఇంటి దగ్గరే ఉండి, తెల్లారేసరికి ఆయన కాళ్ల కోసం వేణ్ణీళ్లలో ఉప్పు వేసి ఉంచేదాన్ని. ఈసారి నేనే నడిచాను.

ఆయన ఆర్టీసీ డ్రైవరు. సింహాచలం ఘాట్ రోడ్డు డ్యూటీ పడితే పండగే. స్టీరింగుకి దండం పెట్టుకోనిదే బండి కదిపేవారు కాదు. స్కూలు పిల్లెవరైనా పరుగెత్తుకొస్తుంటే, వెనక నుంచి ఎవరెంత గోల పెట్టినా బస్సు ఆపేవారు. ఆదివారం సెలవు దొరికితే పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి వెళ్లి కోనాం చేప తెచ్చి, పులుసు తనే పెట్టేవారు. ఆ పూట నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇవన్నీ ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఆయన పోయాక పలకరింపుకి వచ్చినవాళ్లంతా జబ్బు గురించే అడిగారు. అంత నిండుగా బతికిన మనిషిని ఆఖరి నెలలతోనే గుర్తుపెట్టుకుంటే ఎలా?

జబ్బు సంగతీ చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. సంక్రాంతి వెళ్లాక ఆయన కళ్లు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒళ్లంతా దురద, మనిషి బరువు తగ్గిపోతున్నారు. పసరు పోయించమని చుట్టాలంతా చెప్పారు. ఆయన వినలేదు, స్కానింగుకే వెళ్దామన్నారు. పాంక్రియాస్‌లో గడ్డ ఉందని తేలింది. కడుపు వెనక ఎక్కడో లోపల ఉండే భాగం కాబట్టి తొందరగా బయటపడదట. గడ్డ పెరిగి పైత్యరసం దిగే గొట్టాన్ని నొక్కేస్తే అప్పుడు కామెర్లు వస్తాయి, అప్పటికి చాలామందికి ఆపరేషన్ చేసే అవకాశం దాటిపోతుంది. ఆయనకీ అంతే. గొట్టంలో స్టెంట్ వేశాక పసుపు తగ్గింది. తర్వాత అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో. అక్కడికి బస్సులో వెళ్లేటప్పుడు కూడా డ్రైవరు గేరు ఎలా మారుస్తున్నాడో చూస్తూ కూర్చునేవారు.

చూడ్డానికి వచ్చిన డిపో వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవారు. "కామెర్లు అనగానే పసరుకి పరిగెత్తకండిరా, ముందు డాక్టరుకి చూపించుకోండి." ఆ మాట విని స్కాన్ తీయించుకున్న ఒకాయనకి పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. ఆపరేషన్ అయి బాగున్నాడు. ఈసారి నా పక్కనే నడిచాడు.

ఆ ఏడు ఆషాఢానికి ఆయనకి నడిచే ఓపిక లేదు. ఆటోలో వెంకోజీపాలెం తీసుకెళ్లమన్నారు. స్నేహితులు అక్కడ మజ్జిగ పంచుతుంటే పక్కన కుర్చీ వేయించుకుని, గ్లాసు గ్లాసు నింపి భక్తులకి అందించారు. చేతులు వణుకుతున్నాయి, కానీ ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది. కార్తీకంలో వెళ్లిపోయారు.

ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా కొండెక్కకూడదని మా వైపు పట్టింపు. అందుకని ఆ తర్వాతి ఆషాఢం అలాగే వెళ్లిపోయింది. సంవత్సరీకాలు అయ్యాక మా అత్తయ్యే కదిపింది. "వాడి నడక నువ్వు నడు, కోడలా. బొట్టు పెట్టుకుని వెళ్లు. ఎవరైనా ఏటన్నా అంటే నా దగ్గరికి పంపు." ఎనభై దాటిన మనిషి, కొడుకుని పోగొట్టుకున్న తల్లి. ఆ మాట తర్వాత నాకు ఇంకెవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం స్వామివారి పుష్పరథం కదిలాక మేమూ బయల్దేరాం. నేను, మా అమ్మాయి, డిపో స్నేహితులు, వాళ్ల ఇంటివాళ్లు. అడవివరం దాటి ముడసర్లోవ వైపు వెళ్లేసరికి సన్నటి చినుకు. దారిపొడుగునా జనం, "గోవిందా" అని కేకలు. చెప్పుల్లేకుండా తారు రోడ్డు మీద నడిస్తే అరికాలికి ప్రతి గులకా తెలుస్తుంది. హనుమంతవాక దగ్గరే నాకు పిక్కలు పట్టేశాయి. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ నన్ను ఆపి, తన సంచిలోంచి నొప్పి మందు తీసి రాసింది. ఊరు పేరు అడిగేలోపే జనంలో కలిసిపోయింది.

విశాలాక్షినగర్ మీదుగా జోడుగుళ్లపాలెం చేరాక సముద్రం. అక్కడ చాలామంది స్నానాలు చేస్తారు. ఆయన పూర్తిగా మునిగి, తడి పంచెతోనే మిగతా దారంతా నడిచేవారట. ఆ సంగతి నాకు స్నేహితుడు చెప్పేదాకా తెలియదు. మర్నాడు పంచె ఎందుకంత ఉప్పగా, ఇసకగా ఉండేదో అప్పుడు అర్థమైంది. మా అమ్మాయి మునిగింది. నేను మోకాళ్ల దాకా దిగి నెత్తిన నీళ్లు చల్లుకున్నాను.

వెంకోజీపాలెంలో మజ్జిగ పందిరి ఆయన పేరునే వేశారు. ఫ్లెక్సీ మీద "అశ్రునివాళి" అని రాయిద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆయన నవ్వుతున్న ఫొటో, పేరు, కింద "దాహం తీర్చుకుని వెళ్లండి" అని మాత్రమే. ఫొటోకి దండ కూడా వేయనివ్వలేదు. ఒక పెద్దాయన గ్లాసు అందుకుని ఫొటో కేసి చూసి, "ఈ డ్రైవరుబాబు మా అమ్మని చెయ్యి పట్టుకుని బస్సు దింపేవాడు" అన్నాడు. నేనెవరో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు కూడా, ఇంకో గ్లాసు పోసి ఇచ్చాను. కాసేపు నేనూ అక్కడే కూర్చుని పంచాను.

ఇసుకతోట, సీతమ్మధార దాటాక అర్ధరాత్రి. మాధవధార వైపు నడుస్తుంటే స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు ఆయన కబుర్లు చెప్పుకొచ్చారు. డిపోలో సంక్రాంతి ముగ్గుల పోటీకి మగవాళ్లని కూడా దింపి, చుక్కలు పెట్టడం రాక ఆయనే ఓడిపోయిన కబురు విని మా అమ్మాయి రోడ్డు మీదే నిలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటిదాకా కళ్లు మూసుకుంటే నాకు కనిపించే ముఖం ఆసుపత్రి మంచం మీద చిక్కిపోయిన ముఖమే. ఆ రాత్రి ఎన్‌ఏడీ కూడలి చేరేసరికి ఖాకీ చొక్కాలో, బొజ్జతో, పాత మనిషి కనిపించారు.

గోపాలపట్నం, ప్రహ్లాదపురం ఎలా దాటానో చెప్పలేను, కాళ్లు నావి కావు. తొలిపావంచా దగ్గర దండం పెట్టుకుని, కొండ మీదికి వెళ్లి దర్శనం క్యూలో నిలబడ్డాం. ఆ రోజు ఆషాఢ పౌర్ణమి, స్వామికి నాలుగో విడత చందనం. విడతకి మూడు మణుగులు. వైశాఖంలో చందనోత్సవం నాడు నిజరూపం చూపించిన స్వామి, ఈ విడతతో మళ్లీ నిండుగా చందనం కప్పుకుంటాడు. కౌగిలించుకుని కోరుకుంటే కోరిక తీరుతుందని నమ్మే కప్పస్తంభం దగ్గరికి వెళ్లాను కానీ ఏమీ అడగలేదు. ఇలాంటి మనిషితో కాపురం చేయించావు స్వామీ అని చెప్పుకున్నాను.

బయటికొచ్చి ప్రసాదం తింటుంటే, రాళ్ల ఆపరేషన్ అయిన స్నేహితుడు లెక్కలు మొదలుపెట్టాడు. "వదినా, మజ్జిగ తొందరగా అయిపోయింది. వచ్చే ఏడు రెట్టింపు పెరుగు తోడు పెట్టించాలి."

"పెట్టించండి. అల్లం మాత్రం తగ్గించండి" అన్నాను. "పచ్చిమిరపకాయ అసలు వద్దు. పిల్లలు తాగరని ఆయన వేయనిచ్చేవారు కాదు."

మా అమ్మాయి ఫోనులో రాసుకుంది.