బేస్ నాబ్ తగ్గించాకే నా బేస్ వినిపించింది

నా బేస్ గిటార్ ధ్వనిని సరిచేసే పెట్టె, అంటే ప్రీయాంప్, కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ తక్కువగా ఉంచి, గంటలకొద్దీ నాబ్‌లు తిప్పుతూ కూర్చునేవాణ్ణి. బేస్ (అడుగు ధ్వని) పెంచి, ట్రెబుల్ (పై ధ్వని) పెంచి, మిడ్ (మధ్య ధ్వని) బాగా తగ్గిస్తే ఒక్కణ్ణే వాయించుకునేటప్పుడు ఎంత బాగుండేదో చెప్పలేను. అదే సెట్టింగ్‌తో బ్యాండ్ రిహార్సల్‌కి వెళ్తే మొదటి పాటకే నా బేస్ గిటార్ మాయం. నేలలో అదురు తెలుస్తోంది గానీ ఏ స్వరం వాయిస్తున్నానో నాకే వినపడలేదు. వాల్యూమ్ పెంచితే అదురు పెరిగింది, అంతే. "ఏ నోట్ మీద ఉన్నావురా?" అని డ్రమ్మర్ అడిగేశాడు.

కారణం తర్వాత అర్థమైంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావైన ఇ తీగ అసలు స్వరం దాదాపు 41 హెర్ట్జ్. కిక్ డ్రమ్ బరువు కూడా దానికి కాస్త పైన, 50 నుంచి 100 మధ్యే ఉంటుంది. అక్కడ బేస్ పెంచుకుంటూ పోతే రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఏ నోటో మన చెవికి చెప్పేది ఎక్కువగా దాని పైన ఉండే 82, 124, 165 లాంటి హార్మోనిక్సే (ఆ స్వరంతో పాటే మోగే పై స్వరాలు). చిన్న స్పీకర్‌లో 41 హెర్ట్జ్ దాదాపు రాకపోయినా అదే నోట్ వినిపిస్తుంది చూడండి, పైవాటిని బట్టి కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. ఇంకోటి, సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి లో ఫ్రీక్వెన్సీలు తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1933లోనే కొలిచి చూపించారు. అంటే రాత్రి మెల్లగా పెట్టుకుని సరిచేసిన టోన్‌లో, గట్టిగా పెట్టేసరికి బేస్ మితిమీరిపోతుంది.

అందుకే ఇప్పుడు ముందు గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) చూస్తాను. పాటలో ఎంత గట్టిగా మీటుతానో అంత గట్టిగా ఇ తీగ మీటి, సిగ్నల్ మితిమీరిందని చెప్పే క్లిప్ లైట్ వెలిగీ వెలగనట్టు ఉన్నచోట ఆపి కాస్త వెనక్కి తిప్పుతాను. (లోపల బ్యాటరీతో పనిచేసే ఆక్టివ్ బేస్ అయితే 9 వోల్టుల బ్యాటరీ నీరసించినా ధ్వని పగులుతుంది, ప్రీయాంప్‌ని అనుమానించే ముందు అది మార్చి చూడండి.) తర్వాత నాబ్‌లన్నీ మధ్యలో పెడతాను. కొన్ని ప్రీయాంప్‌లలో అన్నీ మధ్యలో ఉన్నా లోపల మిడ్ కొంత తగ్గే ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి.

అసలు పని మిడ్ దగ్గరే. మిడ్ ఫ్రీక్వెన్సీ మార్చే నాబ్ ఉంటే, మిడ్ పూర్తిగా పెంచేసి, ఒకే లైన్ మళ్లీ మళ్లీ వాయిస్తూ ఆ ఫ్రీక్వెన్సీని 200 నుంచి మెల్లగా పైకి జరపండి. 250 చుట్టుపక్కల కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. 500 దగ్గర ముక్కుతో పాడినట్టు. 800కి చేరేసరికి తీగ గుర్రుమంటుంది, వేలు తగలడం కూడా తెలుస్తుంది. ఒక్కటే మిడ్ ఉంటే నేనైతే అక్కడే ఆపి రెండు మూడు డెసిబెల్స్ పెంచి వదిలేస్తాను. రెండు ఉంటే 250 దగ్గర అంతే తగ్గిస్తాను. ఒంటరిగా వింటే ఈ టోన్ మోటుగా ఉంటుంది, నచ్చదు కూడా. డ్రమ్స్, గిటార్ మొదలయ్యాక వినాలి దాన్ని!

ట్రెబుల్‌తో పెద్దగా పని ఉండదు, కొత్త తీగలైతే ఇంకా తగ్గిస్తాను.

ధ్వనిని కాస్త బొంగురుగా పగిలేలా చేసే డ్రైవ్ మాత్రం భయపడకుండా కొంచెం కలపండి, అది హార్మోనిక్స్‌ని పెంచుతుంది కాబట్టి చిన్న స్పీకర్‌లో కూడా నోట్ తెలుస్తుంది. కానీ డ్రైవ్ ఎక్కువైతే అడుగు పలచబడిపోతుంది, రెండిటినీ కలిపే బ్లెండ్ నాబ్‌తో సగం క్లీన్ (డ్రైవ్ లేని) సిగ్నల్ ఉంచుకోవాలి. మిక్సర్‌కి సిగ్నల్ పంపే డిఐ అవుట్ పక్కన ప్రీ, పోస్ట్ స్విచ్ ఉంటే అది పోస్ట్‌లో ఉందో లేదో చూసుకోండి. ప్రీలో ఉంటే మీరు పడ్డ కష్టమంతా స్టేజీ మీద మీకే వినిపిస్తుంది, మిక్సర్‌కి ఉత్త బేస్ వెళ్తుంది.

ఇవన్నీ చేశాక కూడా బ్రిడ్జ్ (తీగలు గిటార్ ఒంటికి ఆనుకునే చోటు) దగ్గర మీటితే బిగువుగా, నెక్ వైపు మీటితే లావుగా వస్తుంది, ఆ తేడాని ఏ నాబూ ఇవ్వలేదు. ఇప్పుడు నా బేస్ నాబ్ మధ్యకి ఒక గీత కిందే ఉంటుంది, మిడ్ 800 దగ్గర. పోయిన వారమే నున్నగా ఉండి మెత్తగా మోగే ఫ్లాట్‌వౌండ్ తీగలు వేశాను, కాబట్టి ట్రెబుల్ మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.