ఆర్‌ఎక్స్ 100 ముందు ఫోర్కులు: మలుపులో వణుకు ఆగేదాకా

మా యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు 1993 మోడల్. నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ దాని మీదే రాజమండ్రి నుంచి రోడ్ కం రైలు వంతెన దాటి కొవ్వూరు వెళ్లివచ్చేవారు. ఆయన తర్వాత బండి నా చేతికి వచ్చింది. ఇంజను ఇప్పటికీ రెండో కిక్కుకు స్టార్టవుతుంది. బాధంతా ముందు ఫోర్కులతోనే, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని, లోపల స్ప్రింగూ ఆయిలూ ఉండే ఆ రెండు కాళ్లతోనే.

ఆ సంగతి మారేడుమిల్లి ఘాట్‌లో బాగా తెలిసింది. చింతూరు వైపు దిగుతూ ఒక మలుపు ముందు ఫ్రంట్ బ్రేక్ పట్టగానే బండి ముక్కు కిందికి దిగబడింది. హ్యాండిల్ తిన్నగానే ఉన్నా చక్రం కొద్దిగా పక్కకు మెలి తిరిగినట్టయింది. బ్రేక్ వదిలేయగానే హ్యాండిల్ నాలుగైదు సార్లు అటూ ఇటూ ఊగింది. ఎదురుగా లారీ ఏదీ రాలేదు కాబట్టి సరిపోయింది. బండి పక్కన ఆపి, చేతుల వణుకు తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఒక మెకానిక్‌కు చూపించాను. "ఆయిల్ పలచబడిపోయింది సార్, చిక్కటిది పోస్తే గట్టిపడుతుంది" అని 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోశారు. పాత బళ్లకు చాలా చోట్ల ఇదే చేస్తారు. నొక్కి చూస్తే నిజంగానే గట్టిగా అనిపించింది. మర్నాడు వంతెన ఎక్కాక తేడా తెలిసింది. 1974 నాటి వంతెన, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. శ్లాబుకీ శ్లాబుకీ మధ్య అతుకు వచ్చిన ప్రతిసారీ మణికట్టు మీద సుత్తితో కొట్టినట్టుంది. అంత కష్టం ఓర్చుకున్నా బ్రేక్ పట్టినప్పుడు ముక్కు దిగడం ఆగలేదు. గతుకు దగ్గర గట్టిగా, బ్రేక్ దగ్గర మెత్తగా. నాకు కావలసినదానికి పూర్తిగా తలకిందులు.

కారణం వెతికితే అర్థమైంది. ఈ పాత ఫోర్కుల్లో డ్యాంపింగ్, అంటే కదలికను అణిచే ఏర్పాటు, లోపల ఒక సన్నటి గొట్టం, దానికి కొన్ని రంధ్రాలు, అంతే. ఆయిల్ వాటిలోంచి దూరి వెళ్లాలి. చక్రం కదిలే వేగం రెట్టింపైతే ఆయిల్ ఇచ్చే అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. బ్రేక్ పట్టినప్పుడు ఫోర్కు నిదానంగా దిగుతుంది కాబట్టి ఎంత చిక్కటి ఆయిలైనా పెద్దగా ఆపలేదు. వంతెన అతుకు మీద మాత్రం చక్రం ఒక్కసారిగా ఎగురుతుంది. అంత చిక్కటి ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి దూరే వ్యవధి ఉండదు. దెబ్బ మొత్తం చేతుల్లోకే వస్తుంది. కిందికి దిగబడటాన్ని ఆపాల్సింది స్ప్రింగు, ఆయిల్ కాదు.

ఇక నేనే కూర్చున్నాను. వరసగా మూడు ఆదివారాలు పట్టింది. మోరంపూడి దగ్గర లేత్ షాపు నడిపి ఇప్పుడు ఖాళీగా ఉంటున్న ఒక పెద్దాయన మా నాన్నగారికి బాగా తెలుసు. అందరూ ఆయన్ని మేస్త్రీగారనే పిలుస్తారు. ఆయన మాట మీదే పని మొదలైంది. "స్ప్రింగూ ఆయిలూ చివర్న చూద్దాం బాబూ. ముందు ఎక్కడెక్కడ కదులుతోందో చూడు."

సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను కింద చెక్క ముక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపాం. ఆయన ఫోర్కు కాళ్లు రెండూ కిందుగా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపారు. టక్ టక్. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట కప్పుల్లో బాల్స్ ఉండే బేరింగు, వదులైంది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతోంది. ఏళ్ల తరబడి తిన్నగా పోతూ గుంతల్లో పడ్డ దెబ్బలకు బాల్స్ ఆ ఒక్కచోటే కప్పులో గుంటలు చేసేశాయి. ఇది ఎంత బిగించినా పోదు. మొత్తం సెట్ మార్చాల్సిందే. పాత బాల్స్ పళ్లెంలోకి రాల్చి లెక్కపెట్టుకుని, కొత్త కప్పులు కొట్టి, గ్రీజు దట్టించి, కొత్త బాల్స్ లెక్క తప్పకుండా పేర్చాను. బిగించడంలోనే మెలకువ ఉంది. ముందు గట్టిగా బిగించి, తర్వాత కొంచెం వదలాలి. హ్యాండిల్‌ను వేలితో తోస్తే చక్రం తన బరువుకే అటు పడాలి, ఇటూ పడాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు.

తర్వాత పైపులు. మేస్త్రీగారు గోడ మీది దేవుడి పటం అద్దం అడిగారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, పాత ఫోటో ఫ్రేము అద్దం ఇచ్చింది. దాన్ని నేల మీద పరిచి ఫోర్కు పైపును దాని మీద మెల్లగా దొర్లించారు. కుడి పైపు కింద ఎక్కడా వెలుతురు లేదు. ఎడమది ఒక చోటికి రాగానే మధ్యలో వెంట్రుకంత సందులోంచి కిటికీ వెలుగు కనిపించింది, మళ్లీ దొర్లిస్తే పోయింది. ఎప్పుడో గుంతలో పడి వంగిన పైపు. వంపు కొలిచే డయల్ గేజీ పెట్టి చూస్తే 0.2 మి.మీ. హద్దు దాటేసింది. వంగిన పైపు లోపల జారకుండా పట్టేస్తుంది, అది పట్టేస్తే ఏ స్ప్రింగూ సరిగ్గా పనిచేయదు. దాన్ని ప్రెస్‌లో సాపు చేయించే బదులు కొత్త జతే కొన్నాను. ఆయిల్ సీళ్లు కూడా కొత్తవి వేశాం.

మేస్త్రీగారు అప్పుడడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "దీని మడ్‌గార్డ్ ఏం చేశావు?"

కాలేజీ రోజుల్లో ముందున్న ఇనుప మడ్‌గార్డ్ తీసేసి పల్చటి ప్లాస్టిక్‌ది వేయించాను. అప్పుడు అందరం అలాగే చేసేవాళ్లం. ఆ ఇనుప మడ్‌గార్డ్ చక్రం మీద చక్కగా కూర్చోవడానికే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన ఫోర్కు కింది కాళ్లు రెండూ చేతుల్లో పట్టుకుని ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి నెట్టి చూపించారు. కళ్ల ముందే కదిలాయి. రెండు కాళ్లనూ చక్రం పైన కలిపి పట్టుకునేది ఆ మడ్‌గార్డూ దాని ఇనుప పట్టీలే. ఈ బండికి ముందు డ్రమ్ బ్రేక్ కదా. బ్రేక్ పట్టినప్పుడు డ్రమ్ ప్లేటు తిరగకుండా ఆపే భారం ఒక్క కాలు మీదే పడుతుంది. రెండో కాలికి ఆ భారం ఉండదు. మధ్యలో గట్టి కట్టు లేకపోతే ఫోర్కు మెలి తిరగక ఏం చేస్తుంది? ఘాట్‌లో నా చక్రం పక్కకు తిరగడం వెనక కోన్ సెట్ సగమైతే, ఇది మిగతా సగం.

ఆ మడ్‌గార్డ్ అటక మీద ఉంది. నాన్నగారు పాత న్యూస్‌పేపర్లో చుట్టి, తాడు కట్టి పెట్టారు. నేను తీయించిన రోజు ఆయన ఏమీ అనలేదు. విప్పి చూస్తే క్రోమ్ అంచుల్లో తప్ప ఎక్కడా పోలేదు. దాన్ని తుడుస్తుంటే నాకు మాట రాలేదు.

బిగించే వరసకు కూడా లెక్క ఉంది. యాక్సిలూ, టీ (ఫోర్కు పైపులను పైన కలిపి పట్టుకునే దిమ్మ) కింది బోల్టులూ, మడ్‌గార్డ్ బోల్టులూ అన్నీ చేతి బిగువులో ఉంచి, బండిని కిందికి దించి, ఫ్రంట్ బ్రేక్ పట్టుకుని హ్యాండిల్ మీద ఒళ్లంతా ఆనించి పదిసార్లు నొక్కాలి. కాళ్లు రెండూ వాటంతటవే ఒకదానికొకటి సమంగా సర్దుకుంటాయి. ఆ తర్వాతే ఒక్కొక్కటీ గట్టిగా బిగించాలి. ముందే బిగించేస్తే రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాగుతూ ఉండిపోతాయి.

స్ప్రింగు దగ్గరకు మూడో ఆదివారం వచ్చాం. ఫోర్కు ఎంత దిగిందో తెలిసేలా పైపుకు చిన్న కేబుల్ టై కట్టి, నేను రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చుంటే మా అబ్బాయి బండి పట్టుకున్నాడు. ఫోర్కు మొత్తం ప్రయాణం 110 మి.మీ. దాకా ఉంటే, నా బరువుకే 45 దిగిపోతోంది. మూడో వంతు దగ్గర ఉండాలి. పీవీసీ పైపు ముక్క 12 మి.మీ. చొప్పున రెండు కోసి, అంచులు సాపు చేసి, కిందా పైనా వాషర్ వేసి స్ప్రింగు మీద కూర్చోబెట్టాం. దీంతో దిగుడు 35కు వచ్చింది. ఒక మాట చెప్పాలి. ఇలా ముక్క పెడితే స్ప్రింగు గట్టిపడదు, బండి ముందు భాగం పైకి నిలుస్తుంది, అంతే. స్ప్రింగే గట్టిపడాలంటే చుట్లు తగ్గించాలి. పది చుట్లలో ఒకటి తీస్తే తొమ్మిదో వంతు గట్టిదనం పెరుగుతుంది. కానీ కోసిన స్ప్రింగు మళ్లీ అతకదు కాబట్టి నేను ఆ పని చేయలేదు. ముక్క మరీ పొడవైతే పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకేస్తాయి, అదీ చూసుకోవాలి. పైపు పైన మూతలా ఉండే టోపీ బోల్టు విప్పేటప్పుడు స్ప్రింగు తోసుకొస్తుంది, గుడ్డ కప్పి మొహం పక్కకు పెట్టుకోండి.

ఇంజన్ ఆయిల్ మొత్తం వంచేసి 15డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ పోశాం. మిల్లీలీటర్లలో కాదు, మట్టంతో కొలిచాం. స్ప్రింగు తీసేసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, గాలి పోయేలా పదిసార్లు పంపు చేసి, పై అంచు నుంచి ఆయిల్ దాకా స్కేలు దించాలి. రెండు కాళ్లలో ఒకటే రావాలి. పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే. సైకిల్ పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నొక్కితే చివర్లో ఎలా గట్టిపడుతుందో, ఇదీ అంతే. మట్టం 10 మి.మీ. పెంచితే మొదటి సగంలో తేడా ఏమీ లేదు, చివరి భాగం మాత్రం బాగా నిలబడింది. ఇంకా పెంచితే సీళ్లు తన్నేస్తాయని మేస్త్రీగారు అక్కడే ఆపేయమన్నారు.

మొదట వంతెన మీదికే తీసుకెళ్లాను. అతుకులు తెలుస్తున్నాయి గానీ చేతికి కొట్టడం లేదు. తర్వాతి శనివారం తెల్లవారకముందే బయల్దేరి రంపచోడవరం మీదుగా ఘాట్ ఎక్కాను. అదే మలుపు, అదే దిగుడు. బ్రేక్ పట్టాను. ముక్కు కొంత దిగి అక్కడ ఆగింది, చక్రం హ్యాండిల్ చెప్పిన వైపే వెళ్లింది. నాకు నమ్మకం చాలక వెనక్కి తిరిగి అదే మలుపు మళ్లీ రెండుసార్లు దిగాను.

చింతూరులో టీ తాగుతూ కేబుల్ టై చూశాను. కింది నుంచి 95 మి.మీ. దగ్గర ఆగి ఉంది, అంటే ఇంకా ఒకటిన్నర సెంటీమీటర్ల ప్రయాణం మిగిలే ఉంది. ఎడమ సీలు దగ్గర చిన్న ఆయిల్ తడి కనిపించింది. వచ్చే ఆదివారం దాని సంగతి చూడాలి.