డర్బన్‌లో ఉమేములో వేడుకకి పిలిస్తే ఏం చేయాలి: నా అనుభవం

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉద్యోగం చేస్తుంటే ఏదో ఒక రోజు జులు తెగ కొలీగ్ ఇంటినుంచి ఉమేములోకి, అంటే కూతురు పెద్దదైందని వాళ్లు చేసే వేడుకకి, పిలుపు వస్తుంది. నాకు వచ్చినప్పుడు అడగడానికి మనవాళ్లెవరూ దొరకలేదు, అందుకే రాస్తున్నా.

ముందుగా, ఇది మన పెద్దమనిషి ఫంక్షన్ కాదు. దానికి దగ్గరగా ఉండేది ఉమ్హ్లొన్యానే, పిల్ల మొదటిసారి బయట చేరినప్పుడు చేసేది. అప్పుడు పిల్లని గదిలో విడిగా ఉంచుతారు, పెద్దాడవాళ్లు చెప్పాల్సినవి చెబుతారు, మేకని కోస్తారు. మా కొలీగ్ వాళ్లింట్లో అది ఆడవాళ్ల మధ్యే జరిగిపోయిందట. ఉమేములో చాలా ఏళ్ల తర్వాత, ఈ రోజుల్లో ఎక్కువగా ఇరవై ఒకటో ఏట చేస్తారు. పద్ధతిగా పెరిగావమ్మా అని అమ్మానాన్నలు కూతురికి థాంక్స్ చెప్పడం దాని ఉద్దేశం. నాకైతే ఈ ఒక్క మాటకే వెళ్లాలనిపించింది, ఎందుకంటే మా ఇంట్లో నాకు ఫంక్షన్ చేసినప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, కుర్చీలో కూర్చోబెట్టి ఊరందరికీ చూపించారంతే.

మా కొలీగ్ సిసి (అక్కా అన్నట్టు, నేను ఆమెని అలాగే పిలుస్తా) శుక్రవారం సాయంత్రానికే రమ్మంది. ఊరు ఎషోవే దగ్గర. మేం వెళ్లేసరికి సిసి కూతురూ, ఆమె స్నేహితురాళ్లూ కొద్దిరోజులుగా ఒక గదిలోనే ఉన్నారు, ముఖాలకి ఎర్రమట్టి, లోపల్నుంచి ఒకటే పాటలు. పెద్దాయన ఇంపెఫో అనే ఎండు మూలిక వెలిగించి, ఆ పొగలో పూర్వీకుల్ని పేరుపేరునా పిలిచి ఫంక్షన్ సంగతి చెప్పాడు. ఆవుని కోసేది పశువుల దొడ్డిలో, ఇసిబాయా అంటారు. అక్కడికి వెళ్లకూడదని సిసి ముందే చెప్పింది కాబట్టి నాకు టెన్షన్ తప్పింది, అసలు చూడాలని కూడా లేదు.

చూడక తప్పనిది మర్నాడు వచ్చింది. ఆవు పొట్టలో పేగుల మీద వలలా ఉండే కొవ్వు పొర ఉంటుంది కదా, దాన్ని చిరగకుండా తీసి అమ్మాయి భుజాల మీద శాలువాలా కప్పుతారు. తోలు లంగా, పూసలు, పైన తెల్లటి ఆ పొర. మొదట కడుపులో తిప్పింది, దాచడమెందుకు. కానీ ఆమె చేతిలో ఈటె పట్టుకుని, వెనక స్నేహితురాళ్లతో మైదానంలోకి వచ్చి, కాలు తలదాకా ఎత్తి నేలమీద దబ్బున కొడుతుంటే ఇక ఆ కొవ్వు గురించి ఎవరికి గుర్తుంటుంది!

ఇప్పుడు అసలు పని. అమ్మాయి పరుగున వచ్చి ఈటెని ఎవరి ముందు గుచ్చితే వాళ్లు లేచి డబ్బివ్వాలి, నోటుని పిన్నుతో ఆమె తలమీదున్న టోపీకి గుచ్చాలి. ఈటె నా ముందు దిగేసరికి గుండె ఝల్లుమంది. చుట్టూ ఆడవాళ్లు ఉలులేషన్ అంటారే, నాలుక ఆడిస్తూ ఆ కేక. కూర్చునే ఇస్తే బాగోదు, లేచి రెండడుగులు ఆడాలి, ఎలా ఆడినా సంతోషిస్తారు. పది, ఇరవై రాండ్ల నోట్లు విడిగా తీసుకెళ్లండి, పిన్నీసులు కూడా. బహుమతిగా దుప్పటి బెస్ట్. చీర కట్టుకోవచ్చు, భుజాలు కప్పుకుంటే చాలు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఈ వేడుక వెనక కన్యత్వం అనే లెక్క ఉంది, కొన్ని చోట్ల దానికి పరీక్షలు కూడా చేస్తారు. 2005 నాటి పిల్లల చట్టం ప్రకారం పదహారేళ్లలోపు పిల్లలకి ఆ పరీక్ష నిషేధం, ఆ పైన వయసున్నా అమ్మాయి ఒప్పుకుంటేనే చేయాలి. మా సిసి తన కూతురికి అవసరం లేదంది. వాళ్ల అత్తగారికి ఆ మాట నచ్చలేదని ముఖంలోనే తెలిసింది. మన ఇళ్లలో ఈ లెక్క లేదా అంటే ఉంది, పరీక్ష పేరు పెట్టం అంతే.

తిండి విషయానికొస్తే, మాంసం తినకపోతే ముందే చెప్పండి, మొక్కజొన్న పిండి ముద్ద, గుమ్మడికాయ, బీన్స్ దొరుకుతాయి. జొన్నల బీరు ఉమ్కోంబోతి ఒకే కుండలోంచి అందరికీ వస్తుంది, పుల్లగా ఉంటుంది. తాగనివాళ్లు కుండని పక్కవాళ్లకి అందిస్తే సరిపోతుంది.