స్పీడ్ టెస్ట్‌లో 300 ఎంబీపీఎస్, గేమ్‌లో ల్యాగ్: ఇప్పటిదాకా పట్టుకున్నవి

స్పీడ్ టెస్ట్ పెడితే 300 ఎంబీపీఎస్ చక్కగా చూపిస్తోంది. అయినా ఆన్‌లైన్ గేమ్‌లో ఎదుటివాడు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాడు. 4కే వీడియో ఆగి ఆగి నడుస్తోంది. ఒక్కోసారి మౌస్ పాయింటర్ కూడా అరక్షణం బిగుసుకుపోతోంది. ఈ మూడింటికీ కారణం ఒకటే అనుకుంటే ఎంత వెతికినా తేలదు. ఏది నెట్ వల్ల వస్తోంది, ఏది మెషీన్ వల్ల వస్తోంది అన్నది ముందు విడదీయాలి. నేను చేస్తున్న పనంతా అదే.

వీడియో

అన్నిటికంటే తేలిగ్గా తేలింది ఇదే. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిచాను. అందులో బఫర్ హెల్త్ 40 సెకన్ల పైనే ఉంది, డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె మాత్రం ఆగకుండా పెరుగుతోంది. అంటే రాబోయే 40 సెకన్ల వీడియో అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది, దాన్ని విప్పి చూపించలేక కంప్యూటరే వెనకబడుతోంది. ఇక్కడ నెట్ స్పీడ్ ఎంత పెంచినా ఒరిగేదేమీ లేదు.

కోడెక్ (వీడియోని కుదించి పంపే పద్ధతి) లైన్‌లో ఏవీ1 అని ఉంది. నా గ్రాఫిక్స్ కార్డ్ పాతది, దానికి ఏవీ1ని డీకోడ్ చేసే, అంటే విప్పే హార్డ్‌వేర్ లేదు, భారమంతా సీపీయూ మీద పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డ్) పేజీ తెరిస్తే 'వీడియో డీకోడ్' గ్రాఫ్ సున్నా దగ్గరే పడుకుని ఉంది, సీపీయూ 90 శాతం దాటింది. ఏవీ1ని మాత్రమే అడ్డుకునే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేశాను. వీడియో వీపీ9 అనే ఇంకో కోడెక్‌లో రావడం మొదలైంది, అది కార్డ్‌కి వచ్చు కాబట్టి 4కే నున్నగా నడిచింది. హెచ్.264కి మార్చితే కూడా నడుస్తుంది గానీ అందులో యూట్యూబ్ మామూలుగా 1080పీ దాటి ఇవ్వదు. ఇవన్నీ చేసేముందు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ కార్డ్‌కి అప్పగించేది) ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

నెట్

రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు పక్కపక్కన తెరిచి, ఒకదాంట్లో రౌటర్‌కి (192.168.1.1), రెండోదాంట్లో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టాను. మనం పంపిన చిన్న సందేశానికి జవాబు ఎంతసేపట్లో వస్తుందో పింగ్ చెబుతుంది. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు. రౌటర్ పింగే ఎగిరిపడుతుంటే తప్పు ఇంట్లోనే ఉన్నట్టు, బయట లైన్ ఊసే ఇంకా రానట్టు. రౌటర్ నుంచి నాకు వచ్చిన అంకెలు మిల్లీసెకన్లలో ఇలా ఉన్నాయి: 3, 4, 3, 85, 4, 140, 3. గేమ్‌లో మనిషి తేలిపోవడానికి ఆ 140 ఒక్కటి చాలు. సగటు చూస్తే బాగానే కనిపిస్తుంది, కాబట్టి సగటు చూడకూడదు.

వై-ఫై డాంగిల్ (యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టే వై-ఫై పరికరం) 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది, పక్క పోర్ట్‌లోనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్. యూఎస్‌బీ 3 పరికరాలు సరిగ్గా ఆ బ్యాండ్‌లోనే రేడియో రొద చేస్తాయి, ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద పత్రం వేసింది. డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెడితే పింగ్ ఎగిరిపడటం సగానికి సగం తగ్గింది. చివరికి రౌటర్ నుంచి కంప్యూటర్‌కి ఈథర్‌నెట్ కేబుల్ వేసేశాను, పింగ్ 1 మిల్లీసెకను దగ్గర గీత గీసినట్టు నిలబడింది. లింక్ స్పీడ్ మాత్రం 1000 ఎంబీపీఎస్‌కి (గిగాబిట్) బదులు 100 చూపించింది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ తగలాలి, ఒక్క జత తెగినా 100కి పడిపోవచ్చు. కేబుల్ మార్చాక సరిపోయింది.

ఇంతా చేశాక కూడా ఇంట్లో ఎవరి ఫోనైనా ఫోటోలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడు 8.8.8.8 పింగ్ 18 నుంచి 300 దాటేది. రౌటర్ పింగ్ కదలదు. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. అప్‌లోడ్ నిండిపోగానే ప్యాకెట్లు (డేటా ముక్కలు) మోడెమ్‌లోని పెద్ద బఫర్‌లో బారులు తీరతాయి, గేమ్ పంపే చిన్న ప్యాకెట్ వాటి వెనక నిలబడాల్సిందే. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన పింగ్‌లో ఇది బయటపడదు. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో ప్రకటించిన కోడెల్ పద్ధతి ఈ బారును అదుపులో పెట్టడానికే పుట్టింది.

నా రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఉంది కాబట్టి, ప్యాకెట్ల బారును నడిపించే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, క్యూ పద్ధతిగా కోడెల్ ఆలోచన మీదే కట్టిన కేక్ ఎంచుకున్నాను. అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో 90 శాతానికి పెట్టాను. ఆ పది శాతం ఎందుకు వదులుకోవాలంటే, బారు మోడెమ్‌లో కాకుండా మన రౌటర్‌లో ఏర్పడితేనే దాన్ని మనం నడిపించగలం. 300 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్‌ని కూడా అదుపు చేయబోతే రౌటర్ ప్రాసెసర్ చేతులెత్తేసింది, అందుకే డౌన్‌లోడ్ దగ్గర 0 (పరిమితి లేదు) పెట్టి వదిలేశాను. ఇప్పుడు అప్‌లోడ్ నడుస్తున్నా పింగ్ 25 దాటడం లేదు. మొత్తం పనిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

మౌస్ బిగుసుకోవడం

లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్‌ని కాసేపు నడవనిచ్చాను. ఏ డ్రైవర్ సీపీయూని ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటోందో అది చెబుతుంది. జాబితాలో పైన ఎన్‌డీఐఎస్ డాట్ సిస్, అంటే విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లకు సంబంధించిన ఫైల్ ఉంది. కేబుల్ వచ్చాక వై-ఫై డాంగిల్‌తో పని లేదు. దాన్ని పీకేయగానే మౌస్ బిగుసుకోవడం ఆగిపోయింది. నెట్ ఆపేసి పనిచేసుకుంటున్నా బిగుసుకునేది కాబట్టి దీనికి మూలం నెట్‌వర్క్ పరికరంలో ఉంటుందని అంచనా వేయడం కష్టం. అందుకే కొలిచి చూడాలి.

గేమ్‌లో మిగిలినవి

సగటు 75 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) వస్తున్నా కుదుపులున్నాయి. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు. ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే సమయం కొలిచే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్‌లో రికార్డ్ చేస్తే మధ్యమధ్య 80 మిల్లీసెకన్ల ఫ్రేములు దొరికాయి. కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడల్లా హార్డ్ డిస్క్ 100 శాతానికి పోతోంది. గేమ్‌ని ఎస్‌ఎస్‌డీకి మార్చాక అవి చాలావరకు పోయాయి. సీపీయూ 97 డిగ్రీలకు చేరి వేగం తగ్గించుకుంటోంది, దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చితే 78 దగ్గర ఆగింది. 3200 వేగం గల ర్యామ్ టాస్క్ మేనేజర్‌లో 2133 చూపిస్తోంది, అందుకే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగ్) ఆన్ చేశాను.

కొత్త గేమ్‌ని మొదటిసారి ఆడేటప్పుడు షేడర్లు (గ్రాఫిక్స్ కార్డ్ నడిపే చిన్న ప్రోగ్రాములు) కంపైలయ్యే కుదుపు ఇంకా ఉంది, అదే చోటికి రెండోసారి వెళితే ఉండదు. ర్యామ్ ఒక్కటే స్టిక్ ఉండటంతో సింగిల్ చానల్‌లో, అంటే సీపీయూకి ఒకే దారిలో నడుస్తోంది. అదే రకం ఇంకోటి తెచ్చి, సీపీయూ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో వేసి, మళ్లీ అదే సీన్ రికార్డ్ చేసి చూడాలి.