ఎర్ర జాకెట్ వేసుకెళ్లిన రోజు

2025 ఫిబ్రవరి 22న సియోల్ వరల్డ్ కప్ స్టేడియానికి ఎర్ర జాకెట్ వేసుకుని వెళ్లాను. కావాలని కాదు. చలికి ఆగే జాకెట్ నాకు అదొక్కటే ఉంది, డిస్కౌంట్‌లో ఆ రంగే మిగిలింది, కొనేశాను.

గేటు దగ్గర మా చికెన్ కొట్టు సాజంగ్‌నిమ్ నన్ను కింది నుంచి పై దాకా చూశారు. సాజంగ్‌నిమ్ అంటే మన 'ఓనర్ గారు' లాంటి పిలుపు. నాలుగేళ్లుగా వాళ్ల కొట్టులో తింటున్నా ఆయన్ని నేను అలాగే పిలుస్తాను, ఆయన నన్ను 'ఇండియా అబ్బాయ్' అంటారు. ఆ రోజు ఏమీ అనలేదు. తన మెడలో ఉన్న వంగపండు రంగు మఫ్లర్ తీసి నా మెడకి చుట్టారు. జాకెట్ జిప్పు కిందికి లాగి, "లోపల స్వెట్టర్ ఉందిగా, సరిపోతుంది" అన్నారు. జాకెట్ మడిచి ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు వణికాను.

కొరియా ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్, ఎఫ్‌సీ సియోల్‌కీ ఎఫ్‌సీ అన్యాంగ్‌కీ. సియోల్ జెర్సీ ఎరుపు, నలుపు చారలు. అన్యాంగ్‌ది వంగపండు రంగు. వీళ్లనడిగితే ద్రాక్షపండు రంగు అంటారు, ఒకప్పుడు అన్యాంగ్ ద్రాక్షతోటలకి పేరున్న ఊరట. కాబట్టి అవతలివాళ్ల రంగులో వెళ్లి నవ్వులపాలయ్యానని అనుకున్నాను. హాఫ్ టైమ్‌లో సారీ చెప్తే ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎరుపు వాళ్లది కాదు, మాది. మాదే కానీ వేసుకోలేం." అప్పుడు గమనించాను, మా చుట్టూ వంగపండు రంగు బట్టల్లో ఉన్న ఈ అభిమాన సంఘం పేరు 'రెడ్'. బ్యానర్ మీద కూడా అదే రాసి ఉంది.

నేను పని చేసేది సువన్‌లో, ఉండేది అన్యాంగ్‌లో. సియోల్‌కి దక్షిణంగా లైన్ 1 రైలెక్కితే వచ్చే మామూలు ఊరు ఇది. టూరిస్టులెవరూ దిగరు. ఇల్లు దొరికింది కాబట్టి ఇక్కడ చేరాను తప్ప ఫుట్‌బాల్ కోసం కాదు. స్టేడియానికి మొదటిసారి వెళ్లింది కూడా కొట్టులో ఎవరో మిగిలిన టికెట్ ఇస్తేనే. అక్కడ గోల్‌పోస్ట్ వెనక వందల మంది ఒక్క గొంతుతో "సుకాబాతి అన్యాంగ్" అని అరుస్తుంటే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పక్కాయన్ని అడిగాను. అది మన సుఖావతే! అమితాభ బుద్ధుడి లోకం. చైనా అక్షరాల్లో దాన్ని రాసే మాటే కొరియాలో 'అన్యాంగ్' అయింది. గోర్యో రాజ్యాన్ని స్థాపించిన వాంగ్ గన్ కట్టించాడని చెప్పే అన్యాంగ్‌సా గుడి పేరు మీద ఊరికి ఆ పేరొచ్చింది. కొరియాలో ఒక ఫుట్‌బాల్ స్టాండ్‌లో వందల మంది సంస్కృతం అరుస్తున్నారని ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ నమ్మలేదు.

ఇక ఎరుపు సంగతి. ఈ కథలో రెండు క్లబ్‌లున్నాయి, గతం మాత్రం ఒక్కటే.

1983 చివర్లో లక్కీ గోల్డ్‌స్టార్ కంపెనీ ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టింది. తర్వాత ఎల్‌జీ అయ్యింది ఆ కంపెనీయే. 1984లో లీగ్‌లో చేరి, 1985లోనే ఛాంపియన్ అయింది. ఆ ఏడాది లీగ్ టాప్ స్కోరర్ థాయ్‌లాండ్ నుంచి వచ్చిన పియాపాంగ్. మొదట్లో వాళ్ల మకాం చుంగ్‌చంగ్ ప్రాంతం, 1990లో సియోల్‌కి వచ్చారు. 1991 నుంచి పేరు ఎల్‌జీ చీటాస్. అప్పట్లో సియోల్‌లోనే మూడు క్లబ్‌లుండేవి. అన్నీ రాజధానిలోనే ఉంటే మిగతా ఊళ్లలో ఆట ఎలా పెరుగుతుందని 1996లో ముగ్గుర్నీ బయటికి పంపారు. ఒకటి చొనాన్‌కి, ఒకటి బుచన్‌కి, చీటాస్ అన్యాంగ్‌కి.

అంటే అన్యాంగ్‌కి ఈ జట్టు ఎవరో పంపిస్తే వచ్చిందే. ఈ ముక్క మా కొట్టులో ఎవరూ చెప్పలేదు. మా ఆఫీసులో సియోల్ అభిమాని ఒకాయన చెప్పారు. ఆ సంగతి తర్వాత.

వచ్చిన తీరు ఏదైనా, ఎనిమిది సీజన్లు ఊరు ఆ జట్టుని నెత్తిన పెట్టుకుంది. సాజంగ్‌నిమ్‌కి అప్పుడు ఇరవై దాటి ఉంటాయి. చో క్వాంగ్‌రే కోచ్‌గా, చే యోంగ్సు ముందుండి గోల్స్ కొడుతుంటే 2000లో లీగ్ గెలిచారు. తర్వాత నెదర్లాండ్స్‌కీ ఇంగ్లండ్‌కీ వెళ్లి పేరు తెచ్చుకున్న లీ యంగ్‌ప్యో కూడా ఈ జట్టులోంచి వెళ్లినవాడే. స్టాండ్స్‌లో ఎర్రటి మంటల దివిటీలు వెలిగించడం అన్యాంగ్ వాళ్ల గుర్తు. ఇప్పుడు స్టేడియంలో నిప్పు నిషేధం అనుకోండి.

పక్క ఊరు సువన్‌లో సామ్‌సంగ్ వాళ్ల క్లబ్ ఉంది. మన ఇళ్లలో ఫ్రిజ్ ఒకరిది, టీవీ ఒకరిది అయిన రెండు కంపెనీలు పక్కపక్క ఊళ్లలో చెరో జట్టు పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు ఊళ్ల మధ్య జిజిదే అనే కనుమ ఉంది. తండ్రి సమాధి చూసి తిరిగి వెళ్తూ జంగ్‌జో రాజు, అది కనుమరుగయ్యే చోటు రాగానే "మెల్లగా, మెల్లగా" అనేవాడట. ఆ మాటే ఆ చోటికి పేరైంది. ఆ తండ్రిని బియ్యప్పెట్టెలో పెట్టి మూసి చంపించింది జంగ్‌జో సొంత తాతే, ఆ కథ ఇంకోసారి రాస్తాను. ఇంత దుఃఖం ఉన్న పేరు తెచ్చి ఆ మ్యాచ్‌లకి జిజిదే డెర్బీ అని పెట్టారు. సో జంగ్‌వన్ అనే ఆటగాడు ఎల్‌జీ నుంచి ఫ్రాన్స్‌కి వెళ్లి, 1999లో తిరిగొచ్చి సువన్‌లో చేరితే అన్యాంగ్ వాళ్లు అతని జెర్సీ తగలబెట్టారు. గొడవ కోర్టు దాకా వెళ్లింది. అన్నిటికంటే విచిత్రం, 2002 ఏప్రిల్‌లో ఆసియా క్లబ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఈ రెండు ఊళ్ల మధ్యే జరిగింది, అదీ టెహ్రాన్‌లో. ఒక కనుమ దాటితే వచ్చే ఊరితో ఆడడానికి ఇరాన్ దాకా వెళ్లారు. గోల్స్ లేవు, పెనాల్టీల్లో సువన్ గెలిచింది. సాజంగ్‌నిమ్ ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వరు.

అదే ఏడాది వరల్డ్ కప్. దానికోసం సియోల్‌లో 66 వేల సీట్ల స్టేడియం కట్టారు. పండగ అయిపోయింది, అంత పెద్ద స్టేడియంలో ఆడే క్లబ్ ఊళ్లో లేదు. 2004 ఫిబ్రవరి 2న ఎల్‌జీ వాళ్లు ప్రకటించేశారు, జట్టు సియోల్‌కి వెళ్తుందని. కొత్త సీజన్ దగ్గర్లో ఉంది. అన్యాంగ్ అభిమానులు నిరసనలు చేశారు, అరిచారు, ఏడ్చారు. జట్టు వెళ్లిపోయింది. పేరు ఎఫ్‌సీ సియోల్ అయింది. ఎరుపు కూడా వెళ్లిపోయింది. 1985 కప్పు, 2000 కప్పు అన్నీ ఇప్పుడు సియోల్ ఖాతాలోనే ఉన్నాయి.

ఆఫీసులో ఆయన వాదన ఏమిటంటే, "మేం ఎవరి జట్టునీ ఎత్తుకెళ్లలేదు. 1996లో మమ్మల్ని వెళ్లగొట్టారు, 2004లో ఇంటికి తిరిగొచ్చాం." కాగితం మీద ఆయన చెప్పింది తప్పు కాదు. నేను భోజనం బల్ల దగ్గర గట్టిగా ఎదురు మాట్లాడలేకపోయాను కూడా. కానీ తిరిగొచ్చామనడానికి సియోల్‌లో వాళ్లున్నది ఆరేళ్లు, అన్యాంగ్‌లో ఎనిమిది. ఈ లెక్క నాకు ఇంటికొచ్చి అన్నం వండుకుంటుంటే తట్టింది. మంచి జవాబులన్నీ నాకు అలాగే ఆలస్యంగా తడతాయి.

రెండేళ్లకి, 2006లో, బుచన్ జట్టుని కూడా దాని కంపెనీ జెజు ద్వీపానికి పట్టుకుపోయింది. బుచన్ అభిమానులు ఊరుకోలేదు, 2007లో సొంతంగా బుచన్ ఎఫ్‌సీ 1995 అని క్లబ్ పెట్టేసుకున్నారు. అన్యాంగ్‌లో ఇంకా ఆలస్యమైంది. నగరపాలక సంస్థ డబ్బు పెట్టాలి, కౌన్సిల్ ఒప్పుకోవాలి. అభిమానులు మాత్రం జట్టు లేకుండానే సంఘాన్ని నిలబెట్టుకున్నారు. ఆడే జట్టే లేని అభిమాన సంఘాన్ని మీరెక్కడైనా చూశారా? చివరికి 2012లో కౌన్సిల్ ఒప్పుకుంది. క్లబ్ స్థాపన 2013 ఫిబ్రవరి 2న. తారీఖు చూడండి. పోయిన రోజునే పుట్టించారు.

మొదలైంది రెండో డివిజన్‌లో. 2022లో మొదటి డివిజన్‌కి ఒక్క మెట్టు దూరం దాకా వచ్చారు. ఎదురుగా ఎవరు? సువన్. చెరో ఊళ్లో ఒకటి చొప్పున ఆడే రెండు మ్యాచ్‌ల్లో రెండోది ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లింది, 120వ నిమిషంలో ఓ హ్యన్‌గ్యు గోల్ కొట్టి వీళ్లని ఇంటికి పంపాడు. ఆ రాత్రి కొట్టులో ఎవరూ మాట్లాడలేదు, చికెన్ కూడా ఎవరూ తినలేదు. మరుసటి ఏడాదే సువన్ కింది డివిజన్‌కి పడిపోయింది. 2024లో ఇద్దరూ రెండో డివిజన్‌లోనే ఉన్నారు. అన్యాంగ్ పైకి వెళ్లింది, సువన్ అక్కడే ఉండిపోయింది. టైటిల్ ఖాయమైంది నవంబర్ 2న, 0-0 డ్రాతో, బుచన్ గ్రౌండ్‌లో. జట్టు పోగొట్టుకున్న ఇంకో ఊరి ముందు. అన్యాంగ్ మేయర్ చే దేహో జుట్టుకి వంగపండు రంగు వేయించుకుని తిరిగారు. మన దగ్గర మేయర్లు హోర్డింగులు పెట్టిస్తారు, నాకు ఈ పద్ధతే నచ్చింది.

ఇదంతా నాకెందుకు ఇంతగా పట్టుకుందంటే, నాది హైదరాబాద్, లింగంపల్లి. 2019లో పుణె క్లబ్ మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌లో దాని చోటు హైదరాబాద్‌కి వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఛాంపియన్ అయ్యాం. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఆ వార్త ఫోన్‌లో చదివిన రోజు కొట్టుకి వెళ్లి సాజంగ్‌నిమ్‌కి చెప్పాను. ఆయన ఒకటే అడిగారు, "పుణె వాళ్లు అప్పుడు ఏం చేశారు?" నా దగ్గర జవాబు లేదు. మన ఊరికి టీమ్ వచ్చిందన్న సంబరంలో పుణెలో ఎవరైనా మఫ్లర్ మడిచి బీరువాలో పెట్టుకున్నారా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఫిబ్రవరి మ్యాచ్‌కి వస్తే, స్టేడియంలో 41,415 మంది. మాంచెస్టర్ యునైటెడ్‌లో ఆడిన లింగార్డ్ సియోల్‌కి మొదటి గోల్ కొట్టాడు, ఆఖర్లో మావాళ్లు ఒకటి వేశారు, 2-1తో ఓడిపోయాం. 'మావాళ్లు' అనడం ఆ రోజే అలవాటైంది. మే 6న అన్యాంగ్‌లో 1-1.

ఆగస్టు 31 ఆదివారం. మళ్లీ సియోల్. కొట్టుకి తాళం, తలుపు మీద 'ఈ రోజు సెలవు' అని చేత్తో రాసిన కాగితం. ఆట మొదలైన మూడు నిమిషాలకే మా థామస్ గోల్. రెండో సగం మొదట్లో మా డిఫెండర్ క్వన్ గ్యంగ్‌వన్ కాలికి తగిలి బంతి మా గోల్‌లోకే వెళ్లింది. అయిపోయింది, ఇక పాత కథే అనుకున్నాను. అప్పుడు మోటా కొట్టాడు. 2-1. సియోల్ మీద మొదటి గెలుపు. కోచ్ యు బ్యంగ్‌హున్ క్లబ్ పుట్టినప్పుడే కోచింగ్ సిబ్బందిలో ఉన్నవాడు, ఆయనకి కొత్తగా చెప్పాల్సింది ఏముంటుంది.

సాజంగ్‌నిమ్ గెంతలేదు. విజిల్ పడగానే కూర్చుండిపోయారు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు, దాంట్లో ఒక పాత మఫ్లర్. ఎరుపు. అంచు పోగులు లేచిపోయి, చీటాస్ బొమ్మలో సగం రాలిపోయింది. మెడలో వేసుకోలేదు. మోకాళ్ల మీద పరుచుకుని రెండు చేతులూ దాని మీద పెట్టి, జనం పాడుతుంటే కాసేపలా ఉన్నారు. తర్వాత మళ్లీ మడిచి కవర్లో పెట్టేశారు.

ఆ సీజన్ అన్యాంగ్ మొదటి డివిజన్‌లోనే నిలబడింది. డిసెంబర్‌లో బుచన్ కూడా పైకొచ్చింది. 2026 సీజన్‌లో వాళ్లూ, వాళ్ల పాత జట్టు జెజూ ఒకే డివిజన్‌లో.

ఈ చలికాలం నేను కొత్త జాకెట్ కొన్నాను. ఈసారి ఏ గొడవా వద్దని నల్లది తీసుకున్నాను. మొన్న వేసుకుని కొట్టుకి వెళ్తే సాజంగ్‌నిమ్ నూనె మూకుడు ముందు నుంచే ఒకసారి చూసి, "నలుపు కూడా వాళ్లదే, ఇండియా అబ్బాయ్" అన్నారు.