ఈ కాలు నేను పట్టనమ్మా

నన్ను బతికించింది ఎవరంటే మా ఆయన డాక్టరమ్మ పేరు చెబుతారు. మా పెద్ద వదినగారు కోటప్పకొండ మొక్కు అంటారు. నేనైతే మా పేటలో పసిపిల్లలకు నీళ్లు పోసే మామ్మ అంటాను. ఆవిడ చేసిన వైద్యమల్లా, నా కాలు ముట్టుకుని చూసి పట్టనని చెప్పడమే.

2023 ఫిబ్రవరిలో, గుంటూరు బ్రాడీపేటలో మా మేడమెట్ల మీద జారిపడ్డాను. కుడి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు సిమెంట్ కట్టు. మంచం, కుర్చీ, టీవీ, అంతే. కట్టు విప్పాక పిక్క ఉబ్బి ఉంది, ముట్టుకుంటే నొప్పి. కట్టు విప్పితే మామూలుగా పిక్క సన్నబడుతుంది, కండ తగ్గుతుంది కాబట్టి. నాది లావెక్కింది. అనుమానించడానికి అది చాలదా? కట్టు విప్పిన డాక్టరుగారు ఫోన్లోంచి తలెత్తకుండానే, "మీరు కొంచెం లావు కదండీ, కదలకపోతే నీరు దిగుతుంది. నూనె రాయించుకుని గట్టిగా మర్దన చేయించుకోండి" అన్నారు. లావు అనేసరికి సిగ్గేసి, ఇంకేం అడక్కుండా లేచి వచ్చేశాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం వదినగారు మామ్మకు కబురు పెట్టారు. మా పిల్లలిద్దరికీ నీళ్లు పోసిన మనిషే. పీట మీద కూర్చుని, నూనె గిన్నె పక్కన పెట్టుకుని, ముందు ఎడమ పిక్క మీద చెయ్యి వేసింది, తర్వాత కుడి పిక్క మీద. పూలపొట్లం దారం అడిగి తీసుకుని రెండు పిక్కలకూ చుట్టి చూసింది. కుడివైపు రెండు వేళ్లు ఎక్కువ వచ్చింది.

"ఈ కాలు నేను పట్టనమ్మా. పెనంలా కాలుతోంది. పెద్ద ఆసుపత్రికి పోండి."

ఎందుకని అడిగితే చెప్పింది. ఎప్పుడో ఒక బాలింతకు ఇలాంటి కాలే పట్టిందట. ఆ పిల్ల లేచి నాలుగడుగులు వేసి, గుండె పట్టుకుని కూలబడిందట. ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు, మేమూ అడగలేదు. నూనె అంటకపోయినా చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

"డబ్బులు పెంచమని అడగలేక ఈ కథలు" అన్నారు వదినగారు. నేను నోరెత్తలేదు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి వదినగారే నూనె తీసుకుని కూర్చున్నారు. ఇరవై నిమిషాలు, మోకాలి కింద నుంచి మడమ దాకా, బొటనవేళ్లతో నొక్కి నొక్కి. ప్రేమ లేక కాదు. హాయిగానే ఉంది కూడా.

రెండింటికి మెలకువ వచ్చింది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంది. గాలి లోపలికి పోతోంది కానీ చాలడం లేదు. పొడిదగ్గు, గుండె దడదడ. కుడిపక్క పొడుస్తోంది. మా ఆయన గ్యాస్ అయ్యుంటుందని సోడా కలిపి ఇచ్చారు. నేను "మామ్మ... మామ్మ..." అంటున్నాను. ఆయన మా అమ్మను తలుచుకుంటున్నాననుకుని, "పొద్దున్నే ఫోన్ చేద్దాంలే" అంటారు. ఒక్క మాట పూర్తిగా చెప్పే ఊపిరి లేదు. ఫ్యాన్ చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. పిల్లలకు బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పలేదే అనిపించింది, అదేం ఆలోచనో! చివరికి మా అబ్బాయి 108కి ఫోన్ చేశాడు. బ్రిడ్జి దాటి కొత్తపేట ఆసుపత్రికి చేరేదాకా వదినగారు నా అరికాలు రుద్దుతూనే ఉన్నారు.

అక్కడి డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టించి, టేపుతో రెండు పిక్కలూ కొలిచింది. 3 సెంటీమీటర్లు దాటి తేడా ఉంటే అనుమానించాల్సిందేనట. నాకు దారమే గుర్తొచ్చింది. కాలి రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్, సీటీ స్కాన్ అన్నీ అయ్యాయి. పిక్కలోని రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోయింది. "కాలు ఎవరైనా నొక్కారా?" అని అడిగింది. వదినగారు కర్టెన్ పక్కనే నిలబడి ఉన్నారు. లేదన్నాను.

నొక్కకపోయినా గడ్డ తనంతట తానే కదలొచ్చని తర్వాత డాక్టరమ్మే చెప్పింది. అది నేను వదినగారికి రెండుసార్లు చెప్పాను.

పొట్టకి ఇంజెక్షన్లు, తర్వాత ఆరు నెలలు వార్ఫారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఉంచే మాత్రలు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్షలో ఐఎన్ఆర్ అనే అంకె 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఆకుకూరలు ఆ మాత్ర పనిని తగ్గిస్తాయట. మానక్కర్లేదు కానీ ఒకరోజు బోలెడు, ఒకరోజు అసలు లేకుండా తినకూడదన్నారు. గుంటూరులో పుట్టి గోంగూర కొలుచుకుని తిన్నాను.

మాత్రలు ఆపాక చీలమండ బిగుసుకుపోయింది, నడుం, మెడ పట్టేశాయి. మర్దన అంటేనే భయం. డాక్టరమ్మే పర్వాలేదని పంపింది. మొదట వెళ్లినచోట నా పేరు కూడా అడక్కుండా పది సిట్టింగుల ప్యాకేజీ చెప్పారు. "నరాలు లాగితే ఏ జబ్బైనా పోతుంది" అన్నాడు కుర్రాడు. చెప్పులేసుకుని వచ్చేశాను. అరండల్‌పేటలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం పావుగంట ప్రశ్నలే వేసింది: బీపీ, షుగర్, వేసుకునే మాత్రలు, గడ్డ ఎప్పుడు, ఏ కాలు. మర్దనతో ఎముక అతకదు, గడ్డ కరగదు, బిగిసిన కండ సడలుతుంది, ఆ సడలింపులోనే వ్యాయామం చేస్తేనే ఉపయోగం అని చెప్పింది. నొప్పి ఎక్కువైతే ఓర్చుకోవద్దు, చెప్పండి అంది. కుడి పిక్క జోలికి వెళ్లలేదు. ఆ రాత్రి ఎన్నో నెలల తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను.

మీరు వెళ్లినా అంతే చూడండి. చెయ్యి వేసే ముందు ఏం అడుగుతున్నారో గమనించండి. ఒక కాలే వాచి, వేడిగా ఉంటే ఎవరు చెప్పినా నొక్కించుకోకండి, ముందు స్కాన్ చేయించండి.

సంక్రాంతికి చీర తీసుకుని మామ్మను ఇంటికి పిలిచాను. చీర పక్కన పెట్టి, "కాలేదీ, ఇటు పెట్టు" అంది. దారం తీసింది. రెండు వైపులా చుట్టి, ఇంకోసారి చుట్టి, "నూనె తేండి" అని కేకేసింది.

నూనె వదినగారే వెచ్చబెట్టి తెచ్చారు. వెళ్లేటప్పుడు డబ్బులూ ఆవిడే ఇచ్చారు. ఎంతని అడగలేదు.